ఒకే చెలమ నీళ్ళు ఇంటిల్లిపాదీ తాగితే జబ్బు ఇద్దరికే ఎందుకొచ్చింది? లోపలికెళ్ళిన క్రిమి ఏం చేస్తుంది?

నమస్తే అండి. మీ ప్రశ్న ఇదీ: గుణుపురం దగ్గర మీ ఊళ్ళో బోరు పాడైపోయి, కొన్నాళ్ళు ఇంట్లో అందరూ గెడ్డ పక్కన తీసిన చెలమ నీళ్ళే తాగారు. మీ నాన్నగారికీ, మీ తమ్ముడి రెండేళ్ళ పాపకీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసి కలరా అన్నారు. మీకూ, అమ్మగారికీ, తమ్ముడికీ ఏమీ కాలేదు. అందరి కడుపులోకీ అదే క్రిమి వెళ్ళినప్పుడు ఇద్దరికే ఎందుకొచ్చింది, అది లోపల ఏం చేస్తుంది, యాంటీబయాటిక్‌తో చంపేస్తే అయిపోయేదానికి గంటల తరబడి సెలైన్, ఓఆర్ఎస్ ఎందుకు అని అడిగారు. నాన్నగారు చాలా కాలంగా రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటారని చివర్లో ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం చాలా ముఖ్యం, దాని దగ్గరికి వస్తాను.

నేను మైక్రోబయాలజీ చదివిన డాక్టర్ని. రాయగడ జిల్లాలో ఒక ఆసుపత్రి ల్యాబ్ చూసుకుంటాను, వానాకాలంలో ఊళ్ళల్లో కేసులు మొదలైతే అక్కడికి వెళ్ళే బృందంలో కూడా ఉంటాను.

సూటిగా చెప్పాలంటే, క్రిమి ఒంట్లోకి వెళ్ళడం వేరు, జబ్బు రావడం వేరు. ఎన్ని క్రిములు వెళ్ళాయి, దారిలో ఎన్ని చచ్చాయి, మిగిలినవి తమకు కావాల్సిన చోటికి చేరాయా, చేరాక అక్కడ ఏ పని మొదలుపెట్టాయి, దానికి ఒళ్ళు ఎలా స్పందించింది అన్నవన్నీ కలిస్తేనే జబ్బు. రెండో సంగతి, ప్రతి క్రిమికీ ఒళ్ళు పాడుచేసే పద్ధతి ఒకటుంటుంది. కలరా చేసేది ఒకటి, టైఫాయిడ్ చేసేది మరొకటి, మలేరియాది ఇంకొకటి. మనిషి ప్రాణం తీసేది ఆ పని కాబట్టి వైద్యం కూడా ముందు దానికే జరగాలి. క్రిమిని చంపడం కొన్ని జబ్బుల్లో మొదటి పని, కొన్నిటిలో రెండో పని.

ఇప్పుడు నాన్నగారి సంగతి. కలరా క్రిమిని విబ్రియో కలరే అంటారు. కాస్త వంగిన కడ్డీలా ఉంటుంది, చివర ఒకే ఒక్క తోకతో ఈదుతుంది. తాజా విరేచనం చుక్కని మైక్రోస్కోప్ కింద పెడితే అటూ ఇటూ దూసుకుపోతూ కనిపిస్తాయి. అంత చురుకైన క్రిమి ఆమ్లం ముందు మాత్రం నిలబడలేదు. మన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది, నీళ్ళతో వెళ్ళిన క్రిముల్లో అత్యధిక భాగం అక్కడే చస్తాయి. ఇష్టపడి ముందుకొచ్చిన ఆరోగ్యవంతుల మీద జరిగిన పాత ప్రయోగాల్లో, ఆమ్లం మామూలుగా ఉన్నవాళ్ళకి జబ్బు రావడానికి 10 కోట్లూ అంతకు మించీ క్రిములు కావలసి వచ్చాయి. ముందుగా ఆమ్లాన్ని విరిచే మందు తాగించి ఇస్తే 10 వేల నుంచి 10 లక్షలే సరిపోయాయి. తేడా ఎంతో చూడండి.

పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు చేసేది ఆ ఆమ్లాన్ని తగ్గించడమే. మీరు గ్లాసుడు నీళ్ళు తాగితే మీ కడుపులో చచ్చిపోయే క్రిములు, అదే గ్లాసు మీ నాన్నగారు తాగితే చిన్నపేగు దాకా బతికి వెళ్ళి ఉంటాయి. ఇది ఒక్కటే కారణమని దూరం నుంచి నేను తేల్చలేను గానీ, మీరు చెప్పిన కథలో అన్నిటికంటే బలంగా కనిపిస్తున్నది ఇదే. మాత్ర మీ అంతట మీరు మాన్పించకండి. కడుపులో పుండు ఉన్నవాళ్ళకీ, గుండె జబ్బుకి రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళకీ అది అవసరమే. ఎందుకు మొదలుపెట్టారో, ఇంకా కావాలో లేదో డాక్టరుని అడగండి. మన వైపు మోకాళ్ళ నొప్పికి ఇచ్చిన చీటీలో జతగా రాసిన గ్యాస్ మాత్రని నొప్పి తగ్గాక కూడా ఏళ్ళ తరబడి కొనుక్కుని వేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది నాకు నిజంగా బాధ కలిగించే అలవాటు.

పాప విషయం వేరు. రెండేళ్ళ బిడ్డ ఒంటికి ఈ క్రిమితో ఇంతకుముందు పరిచయం ఉండదు. ఇక్కడ పెరిగిన పెద్దవాళ్ళకి తెలియకుండానే చిన్న చిన్న మోతాదుల్లో తగిలి కొంత రక్షణ వచ్చి ఉంటుంది. బరువు కూడా లెక్క. పది కిలోల పాప ఒంట్లోంచి లీటరు నీరు పోతే బరువులో పదో వంతు పోయినట్టు, అది ప్రాణాపాయ స్థితి. అరవై కిలోల మనిషికి అదే లీటరు పోతే దాహం వేసి, నీరసం వస్తుంది. జబ్బు ఒకటే అయినా పాపకి టైం తక్కువ.

ఇంకో చిన్న విషయం, రక్తం గ్రూపు. ఓ గ్రూపు వాళ్ళకి కలరా వస్తే మిగతావాళ్ళకంటే తీవ్రంగా వస్తుందని చాలాసార్లు తేలింది. దానికి మనం చేసేదేమీ లేదు, ఒకే ఇంట్లో ఇద్దరి ఒళ్ళు ఒకేలా ఉండవని చెప్పడానికి రాశాను.

మీకూ అమ్మగారికీ ఏమీ కాలేదన్నారు. ఏమీ కాలేదంటే క్రిమి లేదని కాదు. కలరా క్రిమి సోకినవాళ్ళలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు, లేదా ఒకట్రెండు సార్లు పల్చగా విరేచనమై ఆగిపోతుంది. అయినా వాళ్ళ మలంలో క్రిమి కొన్ని రోజులు, కొందరిలో పది రోజుల దాకా, బయటికి వస్తూనే ఉంటుంది. అందుకని పాపకి అన్నం కలిపిపెట్టే చేతులు మీవైనా, అమ్మగారివైనా సబ్బుతో కడుక్కోవాలి. చుట్టం చూపుగా వెళ్ళినా ఇదే పద్ధతి.

సరే, చిన్నపేగు చేరాక అది ఏం చేస్తుంది? ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి, మీ మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

పేగు లోపలి గోడకి ఒక జిగురు పొర ఉంటుంది. విబ్రియో ఆ పొరని దాటి, తన ఒంటి మీదున్న సన్నటి పోగులతో గోడకి అతుక్కుంటుంది. గోడని కొరకదు, లోపలికి దూరదు, రక్తంలోకి పోదు. అతుక్కున్న చోటే ఉండి ఒక విషం వదులుతుంది. ఆ విషం ఆరు ముక్కల ప్రోటీన్. ఐదు ముక్కలు పేగు కణాన్ని పట్టుకుంటాయి, ఆరోది కణం లోపలికి వెళ్తుంది. మామూలుగా కణంలో అవసరమైనప్పుడు మొదలై, అవసరం తీరాక ఆగే ఒక మీట లాంటి ప్రోటీన్ ఉంటుంది. విషం దాన్ని మొదలైన స్థితిలోనే బిగించేస్తుంది. దాంతో కణం తనలోని క్లోరైడ్‌ని, అంటే ఉప్పులో ఉండే ఒక భాగాన్ని, ఆపకుండా పేగులోకి పంపుతుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది కాబట్టి ఒంట్లోని నీరంతా పేగులోకి దిగి బియ్యం కడిగిన నీళ్ళలా బయటికి పోతుంది. ముదిరిన కేసులో పెద్దవాళ్ళకి గంటకి లీటరు దాకా పోతుంది. సోడియం, పొటాషియం కూడా దానితోనే పోతాయి. పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు లోపలికి పోతాయి, నాడి అందదు, మూత్రం ఆగిపోతుంది. మనిషి చనిపోయేది ఈ నీరు పోవడం వల్లే.

ఈ విషయం బయటపెట్టిన వ్యక్తి మన దేశం వాడే. కలరా క్రిమిని 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో వేరుచేసి చూపించాడు. కానీ అది ఎలా చంపుతుందో డెబ్భై ఏళ్ళకి పైగా తేలలేదు. రక్తంలోకి పాకే విషం ఏదో ఉంటుందని అందరూ దాని కోసం వెతికారు. కలకత్తాలోనే శంభునాథ్ డే అనే పాథాలజీ డాక్టరు, కుందేలు పేగులో కొంత భాగం కట్టి, కలరా క్రిమిని పెంచిన ద్రవాన్ని క్రిమి ఒక్కటి కూడా లేకుండా వడకట్టి అందులోకి ఎక్కించాడు. క్రిమి లేకపోయినా పేగు నీటితో ఉబ్బిపోయింది. 1959లో ఆయన అది ప్రచురించాడు. పని చేస్తున్నది క్రిమి వదిలిన విషమనీ, అది పేగు గోడ దగ్గరే పనిచేస్తుందనీ రుజువైంది. ఆయనకి రావాల్సినంత పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం. మా ల్యాబ్‌కి శిక్షణకి వచ్చే పిల్లలకి ఈ ప్రయోగం గురించి తప్పకుండా చెబుతాను.

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది. అప్పటికే కణంలో బిగుసుకున్న మీటని అది విడిపించలేదు. విషం తగిలిన ఆ కణాలు రాలిపోయి కొత్తవి వచ్చేదాకా నీరు కారుతూనే ఉంటుంది. ఈలోగా మనిషిని బతికించేది నీళ్ళూ ఉప్పూ. అదృష్టం ఏమిటంటే పేగులో నీరు పీల్చుకునే దారి మరొకటుంది, గ్లూకోజ్ సోడియం రెండూ కలిసి లోపలికి వెళ్ళే దారి. కలరా విషం దాన్ని ముట్టుకోదు. అందుకే ఉత్త నీళ్ళూ ఉత్త ఉప్పునీళ్ళూ సరిగ్గా నిలవవు. చక్కెర, ఉప్పు సరైన పాళ్ళలో కలిపితే విరేచనాలు అవుతూనే ఉన్నా నీరు ఒంటికి పడుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరాతో చనిపోతుంటే, సెలైన్ అయిపోయిన చోట డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు పీపాల్లో పెట్టించి ఇంటివాళ్ళ చేతే తాగించాడు. అంతకుముందు వందకి 30 దాకా ఉన్న మరణాలు 3.6కి పడిపోయాయి. యాంటీబయాటిక్ ఇస్తే విరేచనాల కాలం తగ్గుతుంది, క్రిమి బయటికి రావడం త్వరగా ఆగుతుంది. ముదిరిన కేసులకి మేమూ ఇస్తాం, కానీ నీరు నిలబెట్టాకే.

ఒక కేసు చెబుతాను. కాశీపూర్ వైపు కొండ ఊరి నుంచి ఒక పెద్దాయన్ని జీపులో తెచ్చారు. నాడి అందట్లేదు, చర్మం గిల్లితే మడత అలాగే నిలిచిపోతోంది. ఊళ్ళో వైద్యం చేసే అతను రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశాడట, విరేచనాలు ఆపే మాత్ర ఇచ్చాడట, "నీళ్ళు తాగితే ఇంకా అవుతాయి" అని మంచినీళ్ళు కూడా మాన్పించాడట. మేం రెండు చేతులకీ సూదులు పెట్టి రింగర్ లాక్టేట్ అనే లవణాల సెలైన్ వేగంగా ఎక్కించాం. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. ఆ మధ్యలో ఆయనకి పడింది నీళ్ళూ లవణాలూ మాత్రమే. 2007లోనూ 2022లోనూ కాశీపూర్ బ్లాకులో కలరా వచ్చి మనుషులు పోయారు. ఎక్కడ విన్నా "నీళ్ళు తాగనివ్వలేదు" అన్న మాట వినబడుతూనే ఉంటుంది. విరేచనాలప్పుడు నీళ్ళు ఆపడం ప్రాణం తీసే పని. ఇది మీ ఊళ్ళో పదిమందికీ చెప్పండి.

ఇక అన్ని విరేచనాలూ కలరాలా జరగవు. విరేచనంలో రక్తం, జిగురు పడుతూ, కడుపు మెలిపెడుతూ, జ్వరం ఉంటే అక్కడ పని చేస్తున్నది షిగెల్లా లాంటి క్రిమి కావచ్చు. జబ్బు తేవడానికి కోట్ల క్రిములు అక్కర్లేదు, పది నుంచి వంద చాలు. ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది. పెద్దపేగు కణాల లోపలికి దూరి, ఒక కణం నుంచి పక్క కణానికి పోతూ గోడని పుండు చేస్తుంది. కాబట్టి ఇక్కడ యాంటీబయాటిక్‌కి పని ఎక్కువ. విరేచనాలు ఆపే మాత్ర ఇక్కడ మరీ ప్రమాదం, బయటికి పోవాల్సింది లోపలే నిలిచిపోతుంది. చిన్నపిల్లల నీళ్ళ విరేచనాల్లో చాలావాటికి రోటా లాంటి వైరస్‌లు కారణం. వాటి మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. వైరస్‌కి సొంత కార్ఖానా ఉండదు, మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకుంటుంది, అందుకని యాంటీబయాటిక్ దెబ్బ కొట్టే భాగాలు దాంట్లో ఉండవు.

దాక్కునే క్రిములది మరో పద్ధతి. టైఫాయిడ్ క్రిమి కూడా చెడ్డ నీళ్ళతోనే వెళ్తుంది, కానీ పేగులో ఆగదు. పేగు గోడలోని రక్షణ కణాలే దాన్ని మింగుతాయి. చంపాల్సిన ఆ కణాల లోపలే అది బతికి, వాటితోపాటు కాలేయానికీ ప్లీహానికీ ఎముక మజ్జకీ చేరి, అక్కడ పెరిగి రక్తంలోకి వస్తుంది. దీనికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే "ఏం తిన్నానో గుర్తులేదు" అంటారు రోగులు. తగ్గాక కూడా కొందరిలో పిత్తాశయంలో ఉండిపోయి నెలలు, ఏళ్ళు మలంలో వస్తుంటుంది. హోటల్లో వంట చేసే మనిషికి ఇలా ఉంటే ఎంతమందికి చేరుతుందో ఊహించండి.

మూడు రోజుల జ్వరానికి వైడల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అనుకోకండి. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా పాత ఇన్‌ఫెక్షన్ వల్ల అది పాజిటివ్ రావచ్చు. మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు చేసే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, నమ్మదగినది. వైడల్ కాగితం పట్టుకుని టైఫాయిడ్ మందు వాడుతూ, అసలు జబ్బు మలేరియానో స్క్రబ్ టైఫసో అయి ముదిరాక మా దగ్గరికి వచ్చినవాళ్ళని చూస్తుంటాను. స్క్రబ్ టైఫస్ అంటే పొదల్లో, పొలం గట్ల మీద ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల కుడితే వచ్చే జ్వరం. ఆ క్రిమి రక్తనాళాల లోపలి పొరలో పెరుగుతుంది. చంకలోనో, నడుము దగ్గరో, గజ్జల్లోనో నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉంటే వెంటనే డాక్టరుకి చూపించండి. డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

టీబీ క్రిమి ఇంకా ఓపికైనది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది. మైనపు పూత లాంటి గోడ దానిది. ఊపిరితిత్తుల్లో రక్షణ కణం మింగినా జీర్ణం కాకుండా లోపలే కూర్చుంటుంది. ఒళ్ళు దాని చుట్టూ గోడ కడుతుంది. సోకిన వందమందిలో 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో జబ్బుగా బయటపడుతుంది. తిండి సరిగా లేకపోవడం, షుగర్, హెచ్‌ఐవీ, పొగ, విపరీతమైన మద్యం ఆ గోడని బలహీనపరుస్తాయి. మీ ప్రశ్నకి టీబీ మంచి ఉదాహరణ. క్రిమి ఒంట్లో ఏళ్ళ తరబడి ఉన్నా జబ్బు లేదు. పరిస్థితి మారితే అదే క్రిమి జబ్బు. నెమ్మదిగా పెరిగే క్రిమి కాబట్టే మందు నెలల తరబడి వాడాలి, బాగుందనిపించి రెండు నెలలకే మానేస్తే తిరగబెడుతుంది.

మన ఒంట్లో క్రిమి పెద్దగా పెరగకపోయినా విషం ఒక్కటే చాలిన జబ్బులూ ఉన్నాయి. పెళ్ళి భోజనం మిగిలిందని రాత్రి వరకూ బయటే ఉంచిన కోవా, చికెన్ లాంటివాటిలో స్టాఫిలోకాకస్ పెరిగి విషం వదిలి ఉంటుంది. వేడి చేస్తే క్రిమి చస్తుంది, ఆ విషం మిగులుతుంది. అందుకే తిన్న కొద్ది గంటల్లోనే పంక్తి మొత్తానికి వాంతులు. "మళ్ళీ మరిగించాం కదా" అంటారు, అక్కడ మరిగించడం పనికిరాదు. ధనుర్వాతం కూడా అంతే. మేకు గుచ్చుకున్న చోట క్రిమి కొంచెమే ఉంటుంది, పుండు చూడటానికి చిన్నది. దాని విషం నరాల వెంట వెన్నుపాముకి చేరి, కండరాన్ని వదులు చేసే సంకేతాన్ని ఆపేస్తుంది. దవడ బిగుస్తుంది, వీపు విల్లులా వంగుతుంది. నరానికి అంటుకున్న విషాన్ని మళ్ళీ ఊడదీసే మందు లేదు, టీకాతో ముందే అడ్డుకోవాలి.

దొమ్మ రోగం (ఆంత్రాక్స్) గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే మన రాయగడ, కోరాపుట్ వైపు అది ఇంకా మనుషులకి వస్తూనే ఉంది. ఆవో మేకో ఉన్నట్టుండి పడిపోతుంది, ముక్కులోంచి, నోట్లోంచి నల్లటి రక్తం కారుతుంది. పేద ఇంట్లో అది పెద్ద ఆస్తి. పారేయబుద్ధి కాక కోసి, పంచుకుని వండుకుంటారు. వాళ్ళని తప్పుపట్టలేను. కానీ జరిగేది ఇదీ: బతికున్న పశువు రక్తంలో ఆంత్రాక్స్ క్రిమి పెరుగుతూ ఉంటుంది. కోసి గాలి తగిలేలా చేయగానే అది గట్టి గింజల్లా మారుతుంది. వీటిని స్పోర్లు అంటారు. ఆ స్పోర్లు మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి, మామూలు వంటకి కచ్చితంగా చస్తాయని నమ్మలేం. కోసేవాడి చేతి మీద గీత పడితే అందులోంచి వెళ్ళి మళ్ళీ క్రిమి అవుతాయి. దాని చుట్టూ ఒక పొర ఉంటుంది, ఆ పొర వల్ల రక్షణ కణాలు దాన్ని మింగలేవు. మూడు ప్రోటీన్లు కలిసి పనిచేసే విషంతో ఒకటి వాపు తెస్తుంది, ఒకటి కణాల్ని చంపుతుంది, మూడోది ఆ రెండిటినీ కణంలోకి చేరవేస్తుంది. చేతి మీద దురద పొక్కు లేచి, చుట్టూ బాగా వాచి, మధ్యలో బొగ్గులాంటి నల్లటి చెక్కు కడుతుంది. విచిత్రంగా నొప్పి ఉండదు, అందుకే ఆలస్యం చేస్తారు. చర్మానికి వచ్చిన దొమ్మ వైద్యం లేకపోతే ఐదుగురిలో ఒకరి దాకా ప్రాణం తీయగలదు, వేళకి యాంటీబయాటిక్ పడితే దాదాపు అందరూ బతుకుతారు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి మామూలుగా అంటదు, కాబట్టి పుండు ఉన్నవాళ్ళని వెలివేయక్కర్లేదు. పశువు ఇలా చస్తే కోయకుండా పశువుల డాక్టరుకి చెప్పండి, ఏటా వేసే టీకా మిగతా మందకి వేయించండి.

బ్యాక్టీరియా కాకుండా పరాన్నజీవుల పద్ధతి చూడాలంటే మన కొండల్లో మలేరియా ఉండనే ఉంది. దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ సైనిక డాక్టరు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే చూశాడు. మన వైపు ఎక్కువగా ఉండేది ఫాల్సిపరం రకం. కొండ గెడ్డల్లో నెమ్మదిగా పారే శుభ్రమైన నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ దాన్ని మోస్తుంది. కుట్టాక వారం రోజులు కాలేయంలో చప్పుడు లేకుండా పెరుగుతుంది. తర్వాత ఎర్ర రక్తకణాల్లో దూరి, ఒకటి వెళ్తే చాలాసార్లు 16 నుంచి 32 అయి కణాన్ని పగలగొట్టుకుని వస్తుంది. ఆ పగిలినప్పుడే చలి, వణుకు. ఫాల్సిపరం సోకిన రక్తకణాల మీద బుడిపెలు లేచి అవి రక్తనాళాల గోడలకి అంటుకుంటాయి. మెదడులో సన్నటి నాళాలు మూసుకుపోతే ఫిట్స్, కోమా. జ్వరంతో ఉన్న మనిషి తికమకగా మాట్లాడటం మొదలుపెడితే గాలి సోకిందని ఎవరి దగ్గరికో తీసుకెళ్ళి రాత్రంతా గడపకుండా, ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. ఇందులోనూ అందరి ఒళ్ళూ ఒకటి కాదు. ఎర్ర రక్తకణాల్ని కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళకి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ళకి సికిల్ సెల్ జబ్బే ఉంటుంది, వాళ్ళకి మలేరియా వస్తే మరీ ప్రమాదం.

ఒంటి స్పందన గురించి కూడా ఒక మాట. జ్వరం, వాపు, చీము మన రక్షణ వ్యవస్థ చేసే పనులే. చాలాసార్లు మంచికే. కొన్నిసార్లు అది హద్దు దాటుతుంది. రక్తంలోకి క్రిములు చేరినప్పుడు, కొన్ని బ్యాక్టీరియాల గోడలోని కొవ్వు పదార్థం తగిలి రక్షణ కణాలు ఒంటినిండా ఒకేసారి రెచ్చిపోతాయి. నాళాలు వదులై నీరు బయటికి కారి, బీపీ పడిపోతుంది. దాన్నే సెప్సిస్ అంటారు. టీబీలో ఊపిరితిత్తిలో పడే గుంత కూడా చాలావరకు క్రిమి మీద మన ఒంటి పోరాటం వల్లే. అందుకే ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషికి క్రిమిని చంపే మందుతో పాటు బీపీ, ఆక్సిజన్, నీరు నిలబెట్టే వైద్యం కూడా సమానంగా జరగాలి.

ఇప్పుడు మీ ఇంట్లో చేయాల్సినవి.

చెలమ నీళ్ళే గతి అయితే బుడగలు వచ్చేలా మరిగించి, ఆ తర్వాత ఒక నిమిషం ఉంచి దించండి. మూత పెట్టండి, గ్లాసు ముంచకుండా కాడ గరిటెతో తీయండి. మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ మాత్రలు ఉంటాయి, అడిగి తీసుకోండి. చెలమకి ఎగువన ఎవరూ మలవిసర్జన చేయకుండా, రోగి బట్టలు అక్కడ ఉతకకుండా చూడండి. రోగి నుంచి అప్పుడే బయటపడ్డ కలరా క్రిమి, నీటిలో చాలాసేపు ఉన్నదానికంటే తేలికగా అంటుకుంటుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఆ మొదటి గంటల బట్టలూ బకెట్లే అసలు ప్రమాదం, బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో శుభ్రం చేయండి.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం సగం కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. రుచి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. గంజి, పల్చటి చోడి అంబలి కూడా ఇవ్వొచ్చు. శీతల పానీయాలు, ప్యాకెట్లలో తీయగా అమ్మే జ్యూస్‌లు వద్దు, ఎక్కువ చక్కెర నీటిని ఇంకా పేగులోకే లాగుతుంది. పాప వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు తాగుతుంటే ఆపకండి.

కళ్ళు గుంటలు పడటం, గిల్లిన చర్మం నెమ్మదిగా వెనక్కి రావడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మగతగా ఉండి తాగలేకపోవడం, విరేచనంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

పాపకి జింక్ మాత్ర రాశారని, విరేచనాలు ఆగాయి కాబట్టి మానేశామని మీరు రాశారు. మళ్ళీ మొదలుపెట్టండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం రెండు వారాలు ఇవ్వాలి. పేగు గోడ బాగుపడటానికీ, రాబోయే నెలల్లో మళ్ళీ విరేచనాలు పట్టుకోకుండా ఉండటానికీ అది పనిచేస్తుంది. మాత్రని చెంచాడు మరిగించి చల్లార్చిన నీళ్ళలో కరిగించి పట్టండి, కొంచెం లోహపు రుచి ఉంటుంది కాబట్టి మొదటి రోజు ఉమ్మేస్తుంది. తర్వాత అలవాటు పడుతుంది.